మార్పు ఏ రకం?

మా తాత పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. పెళ్ళి చేసుకుంది శ్రీకాకుళం జిల్లాలో. పోయింది విజయనగరం జిల్లాలో. ఆయన కట్టించిన ఇల్లు ఇవాళ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఇంతా చేసి ఆయన కురుపాం వదిలి పట్టుమని పదిరోజులు ఎక్కడా ఉన్నవాడు కాదు. 1950లో, 1979లో, 2022లో జిల్లాలే వచ్చి ఆ గుమ్మం ముందు మారి వెళ్ళాయి.

ఆ మూడో మార్పు ఒక టికెట్ రూపంలో నా దగ్గరికి కూడా వచ్చింది. వచ్చింది అనడం తప్పు. రావాల్సింది, రాలేదు.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేంజ్ మేనేజర్ని. ఉద్యోగం వచ్చిన కొత్తలో నాన్న అడిగాడు, "మార్పులకి మేనేజరేట్రా? మార్చడానికా, మారకుండా ఆపడానికా?" అని. పన్నెండేళ్ళయింది. నా ఉద్యోగానికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మేం చూసే ఒక బీమా సంస్థ సిస్టమ్‌లో జిల్లాల పట్టిక మార్చాలి. పేర్లు కలపడమే కదా అని టికెట్ తెరిచిన కుర్రాడు 'చేంజ్ టైప్' అనే పెట్టెలో 'స్టాండర్డ్' ఎంచుకున్నాడు. స్టాండర్డ్ అంటే ముందే అనుమతి ఉన్న మార్పు, మళ్ళీ ఎవర్నీ అడగక్కర్లేదు. పేర్లు చేరాయి. పిన్‌కోడ్‌ని జిల్లాకి ముడిపెట్టే ఇంకో పట్టిక మాత్రం పాతదే ఉండిపోయింది. ఆసుపత్రి కాగితం మీద కొత్త జిల్లా, పిన్‌కోడ్ లెక్కలో పాత జిల్లా. చిరునామా కుదరలేదని క్లెయిములు ఆగిపోయాయి. ఈ సంగతి నాకు మా మానిటరింగ్ స్క్రీన్ల వల్ల తెలియలేదు. మా వీధిలో ఆపరేషన్ చేయించుకున్న ఒకాయన డబ్బు రాలేదని నాన్న దగ్గర వాపోతే, నాన్న ఫోన్ చేశాడు.

"మన జిల్లా మారిపోనాదని మీ కంప్యూటర్‌కి ఎవులూ సెప్పనేదేట్రా?"

చెప్పారు నాన్నా. కంప్యూటర్‌కి చెప్పారు, నాకు చెప్పలేదు.

తమాషా ఏమిటంటే, అదే మార్పుకి ప్రభుత్వం ఆ ఏడు జనవరిలోనే ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి ముప్పై రోజులు గడువు పెట్టింది. ఎంతమంది మాట విన్నారన్నది వేరే సంగతి. ప్రభుత్వం దృష్టిలో అది నలుగురినీ అడిగి చేయాల్సిన మార్పు. మా దృష్టిలో ఎవర్నీ అడగక్కర్లేనిది. మార్పు ఒకటే, రకాలు రెండు. అప్పట్నుంచి ఆ పెట్టె నన్ను వదల్లేదు.

ఈ రకాలు ఎక్కడ పుట్టాయో చెప్పాలి. 1980ల చివర్లో బ్రిటిష్ ప్రభుత్వానికి సీసీటీఏ అనే సంస్థ ఉండేది. ప్రభుత్వాఫీసుల్లో కంప్యూటర్లు పెరిగిపోయి ఎవరికి తోచినట్టు వాళ్ళు నడుపుతుంటే, పనికొచ్చే పద్ధతులన్నీ ఒకచోట రాయించాలని పూనుకుంది. అలా వచ్చిందే ఐటిల్. పేరులో చివరి అక్షరం 'లైబ్రరీ'కి గుర్తు. మొదట్లో నిజంగానే అది ముప్పైకి పైబడిన పుస్తకాల బీరువా. ఆ తర్వాత రెండో కూర్పు, 2007లో మూడోది, 2019లో నాలుగోది వచ్చాయి. ఇవాళ మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, న్యూజెర్సీలో రాత్రి షిఫ్టు చేసే తెలుగువాళ్ళకి ఇందులోని మాటలు మాతృభాషలో మాటల్లాగే అయిపోయాయి. 'క్యాబ్ ఉంది' అంటే మనవాళ్ళలో సగంమందికి గుమ్మంలో ఆగిన కారు గుర్తుకొస్తుంది, మిగతా సగానికి చేంజ్ అడ్వైజరీ బోర్డు మీటింగు.

మూడు రకాలూ మా ఊరి లెక్కలో చెబుతాను.

స్టాండర్డ్ అంటే వారం వారం సంత. కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులు, పసుపు దిగుతాయి. ఉప్పు, బట్టలు ఎక్కుతాయి. ఎలా జరగాలో అందరికీ తెలుసు, ప్రతివారం ఎవరో అనుమతించనక్కర్లేదు.

నార్మల్ అంటే కందికొత్తలు. మా చుట్టూ ఉన్న సవర, జాతాపు గూడేల్లో కొత్త కందులు చేతికొచ్చినా వెంటనే నోట్లో పెట్టుకోరు. పెద్దలు కూర్చుని, అందరికీ కుదిరే రోజు చూసి, పండగ చేశాకే కొత్త పంట తినాలి. ఒక ఇంట్లో ముందు పండిందని వాళ్ళు ముందు తినేయడానికి లేదు. మా ఆఫీసు భాషలో అయితే అభ్యర్థన, ప్రభావం అంచనా, బోర్డు, తేదీ. నార్మల్ చేంజ్ అంటే మామూలు మార్పు అనుకుంటారు చాలామంది. అది కాదు. పద్ధతి ప్రకారం అడిగి చేసే మార్పు.

ఎమర్జెన్సీ అంటే ఏనుగులు. కొన్నేళ్ళుగా ఒడిశా వైపునుంచి దిగిన గుంపు కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస పొలాల్లో తిరుగుతోంది. చెరుకుతోటలో ఏనుగు పడితే డప్పు కొట్టాలా వద్దా అని ఎవరూ సమావేశం పెట్టరు. ముందు కొట్టడం, తర్వాత మాట్లాడుకోవడం. ఐటిల్ రెండో కూర్పులో దీన్ని 'అర్జెంట్' మార్పు అనేవారు, మూడో కూర్పుకి 'ఎమర్జెన్సీ' చేశారు. మంచిపనే. మనకి టీ కూడా అర్జెంటే కాబట్టి ఆ మాటకి విలువ పోయింది. (ఎమర్జెన్సీ అన్న మాటకి మన దేశంలో ఉన్న చరిత్ర వాళ్ళకి తెలిసుంటే ఇంకో మాట వెతికేవాళ్ళేమో.)

ఇవి కాక 'ఫ్రీజ్' అని ఒకటుంది. ఫలానా తేదీల మధ్య ఏ మార్పూ చేయకూడదు. మాకు నవంబర్ ఆఖర్లో అమెరికా వాళ్ళ థాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఫ్రీజ్. అది ఎత్తేశాక ఆగిపోయిన మార్పులన్నీ ఒక్కసారి మీదపడతాయి. ఎప్పుడంటారా? సరిగ్గా సంక్రాంతికి.

బోర్డుల మీద నాకు పెద్ద భక్తి ఏమీ లేదు. ముప్పైమంది మ్యూట్‌లో కూర్చుని, ఒకడు టికెట్ నంబర్లు చదువుతుంటే 'అభ్యంతరం లేదు' అనడం వందలసార్లు చూశాను. నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ 2018లో తెచ్చిన 'యాక్సిలరేట్' పుస్తకం ఇదే తేల్చింది: పని చేసే టీమ్‌కి బయట ఉన్నవాళ్ళ అనుమతి వల్ల పని నెమ్మదిస్తోందే తప్ప, మార్పులు విఫలమవడం తగ్గట్లేదు. నాలుగో ఐటిల్ కూడా బోర్డుని వెనక్కి జరిపి, 'మార్పుల నియంత్రణ' అన్న మాటనే వదులుకుని, మార్పుకి దోహదం చేయడం అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. చిన్న చిన్న మార్పులుగా విడగొట్టు, పరీక్షలు యంత్రానికి అప్పజెప్పు, వీలైనన్నిటినీ స్టాండర్డ్ చేసెయ్: ఇదీ ఇప్పటి గాలి. చాలావరకు సరైనదే. చిక్కల్లా, ఫలానాది స్టాండర్డ్ అని నిర్ణయించేది ఎవరన్న దగ్గరే.

2024 జూలై 19 గుర్తుందా? శంషాబాద్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ సంస్థ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వస్తే, వెంటనే తీసుకోకుండా ఒక వెర్షన్ వెనకగా ఉండే వీలు వాడుకునేవాళ్ళకి ఉంది. కానీ ఆ రోజు వెళ్ళింది వెర్షన్ కాదు, 'కంటెంట్'. కొత్త దాడుల ఆనవాళ్ళు చెప్పే చిన్న ఫైలు. అలాంటివి ఎప్పుడూ వెళ్తూనే ఉంటాయి, కాబట్టి అందరికీ ఒకేసారి వెళ్ళింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, అప్పటికే పడినవి పడిపోయాయి. ఒక రకానికి కాపలా ఉంది, ఇంకో రకానికి లేదు. ప్రమాదం కాపలా లేని దారిలో వచ్చింది.

అంతకు ముందు 2012 జూన్ 17 నాటి కథ ఒకటుంది, అందులో హైదరాబాద్ పేరు కూడా వినబడింది. ఆర్‌బీఎస్ బ్యాంకులో రాత్రిపూట ఖాతాల పనులు వరుసలో నడిపే షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్‌ని అప్‌గ్రేడ్ చేశారు. ఇబ్బంది కనబడితే వెనక్కి తీసేశారు. వెనక్కి తీస్తే ఏమవుతుందో మాత్రం ముందుగా పరీక్షించలేదు. పాతదీ కొత్తదీ పొసగక బ్రిటన్‌లో 65 లక్షలకి పైగా ఖాతాదారులకి ఇబ్బంది కలిగింది. జీతాలు పడలేదు, బిల్లులు కట్టలేకపోయారు. తప్పు హైదరాబాద్‌లో కొత్తగా చేరిన సిబ్బందిదని అక్కడి పత్రికల్లో వచ్చింది. పని బ్రిటన్ నుంచే జరిగిందని బ్యాంకు చెప్పింది. 2014 నవంబర్‌లో నియంత్రణ సంస్థలు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేసినప్పుడు తేల్చింది, పరీక్షల్లోనూ ముప్పు అంచనాలోనూ లోపమని. అప్పటికి ఎవరికి గుర్తుంటుంది? ఆ వారం మా ఫ్లోర్‌లో తెలుగు గట్టిగా మాట్లాడటానికి కూడా మొహమాటపడ్డాం.

ఏ మార్పుకి ఎవర్ని అడగాలన్నది ఐటీలో పుట్టిన ప్రశ్న కాదు. మా ఊరి చుట్టూ ఉన్న కొండల్లో దానికి నూట ఎనభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1830ల మొదట్లో పర్లాకిమిడి, పాలకొండ వైపు తిరుగుబాట్లు లేస్తే, అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జ్ రసెల్ అనే అధికారిని పంపింది. ఆయన సలహా మీద 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలకి మామూలు కోర్టులూ చట్టాలూ కాకుండా, కలెక్టరే గవర్నర్ ఏజెంటుగా పాలించే పద్ధతి పెట్టారు. 'ఏజెన్సీ' అన్న మాట అక్కడిదే. అంటే అప్పట్నుంచీ మైదానానికి ఒక దారిలో మార్పు వస్తుంది, కొండకి ఇంకో దారిలో వస్తుంది. 1917లో ఏజెన్సీ భూముల చట్టం చేశారు: కొండజాతివాళ్ళ భూమి ఇతరులకి దఖలు పడాలంటే ఏజెంటు రాతపూర్వక అనుమతి ఉండాలి, లేకపోతే చెల్లదు. మా భాషలో చెప్పాలంటే నార్మల్ చేంజ్, అనుమతించేవాడు ఒక్కడే.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఇదే దారిని కొత్తగా వేసింది. షెడ్యూల్డు ప్రాంతాలకి గవర్నర్ నేరుగా రెగ్యులేషన్ చేయొచ్చు. అయితే గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. మండలిలో ఇరవైమందికి మించరు, దాదాపు మూడొంతులు గిరిజన ఎమ్మెల్యేలు. మొదటిసారి ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. ఇది క్యాబే కదా. పేరులో 'సలహా' ఉంది. చివరి మాట వేరేవాళ్ళది.

1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది, గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా. కాగితం మీద బాగుంది. దాన్ని అమలుచేసే నియమాలు ఎప్పుడొచ్చాయి? 1969లో. పదేళ్ళు. అనుమతి పొందిన మార్పుకి అమలు ప్రణాళిక లేకపోతే టికెట్ తెరిచే ఉంటుంది, ప్రొడక్షన్‌లో ఏమీ మారదు. ఆ పదేళ్ళూ మా ఊళ్ళలో భూములు మారుతూనే ఉన్నాయి. తెల్లకాగితం మీద వేలిముద్ర, విత్తనాలకి తీసుకున్న గింజల అప్పు, పెళ్ళికి ఇచ్చిన బట్టల బాకీ. మారినవాటిలో కొన్ని మా ఇంటికే వచ్చాయి.

ఇంతసేపూ ఇది చెప్పకుండా వచ్చాను. మా తాతది సంత వ్యాపారం. కొండ సరుకు కొని పార్వతీపురం పంపేవాడు, పైకి ఉప్పూ కిరసనాయిలూ అమ్మేవాడు. చెడ్డవాడని ఎవరూ అనగా వినలేదు. మా చిన్నప్పుడు గూడేలనుంచి వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని, ఆయన పెట్టిన చుట్ట కాల్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆయన పద్దుపుస్తకం కూడా అంత పద్ధతిగానూ ఉండేది.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. దానికి వెళ్తున్నవాళ్ళని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుకుని కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అది మాకు కూతవేటు దూరంలోని సంగతే. శ్రీకాకుళ పోరాటం ఆ తర్వాత సాయుధమైంది. 1970 ఫిబ్రవరి 3న ఒకటో రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది, మనందరం '1/70' అనేది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కాల్పుల్లో పోయింది అదే ఏడు జూలైలో.

1/70 చెప్పింది సూటిగా ఉంటుంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప ఎవరికీ బదిలీ కాదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడానికి కూడా లేదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే భారం వాడిదే. 1917లో అనుమతి ఉంటే మార్పు జరిగేది. 1970లో ఆ అనుమతిచ్చే పెట్టెనే తీసేశారు. ఎత్తివేసే తేదీ లేని ఫ్రీజ్. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. 1997 సమతా తీర్పులో ప్రభుత్వానికి కూడా ఇది వర్తిస్తుందంది, గనుల లీజులతో సహా.

మా తాత దాన్ని ఎప్పుడూ "రాత్రికి రాత్రి తెచ్చిన సట్టం" అనేవాడు. "ఒక్క మాట అడిగినారేటి?" అని. ఆయన లెక్కలో అది ఎమర్జెన్సీ మార్పు, నోటీసు లేకుండా నెత్తిన పడింది. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చాకే తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను: 1917, 1959, 1969, 1970. మా దగ్గర ఎమర్జెన్సీ టికెట్లలో చాలావరకు ఇలాంటివే. నెలల తరబడి నార్మల్ దారిలో ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన పని, ఒక రాత్రి సిస్టమ్ పడిపోయాక ఎమర్జెన్సీ పేరుతో పైకొస్తుంది. ఆ రాత్రి ఫోన్ మోగినవాడికి అది హఠాత్తుగా జరిగినట్టే ఉంటుంది. లేవిడికి వెళ్ళేదారిలో నడిచినవాళ్ళు మాత్రం యాభై ఏళ్ళ పెండింగ్ టికెట్ మోసుకెళ్తున్నారు.

వెనక్కి తీసిన మార్పు కూడా ఒకటి చెప్పాలి. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. బడి ఉండి మాస్టారు కొండెక్కని ఊళ్ళకి అది పెద్ద మార్పు. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదు, గవర్నర్‌కి ఉన్న ఆ అధికారం ఇంతదూరం రాదు అన్నారు. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు మాత్రం షరతులతో నిలిపారు. ఇరవై ఏళ్ళు నడిచిన మార్పుని తీసేస్తే ఎక్కడ ఏం కూలుతుందో కనీసం అంతవరకు ఆలోచించారు, ఆర్‌బీఎస్ వాళ్ళకంటే నయం. దాని స్థానంలో ఏం పెట్టాలన్నది తీర్పు పని కాదు. ఆ పని ఎవరిదో వాళ్ళు ఇంకా మాట్లాడుకుంటున్నట్టున్నారు.

మార్పు అయిపోయాక మేం ఒక సమీక్ష రాయాలి. అనుకున్నది జరిగిందా, ఎవరైనా దొడ్డిదారి వెతుక్కున్నారా అని. ఎమర్జెన్సీ మార్పుకైతే అది తప్పనిసరి. ఎవరూ రాయరు. 'విజయవంతం' అని కొట్టి టికెట్ మూసేస్తారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీద తాత పద్దులు దించాను. 1969 దాకా ఒక పేజీలో రెండెకరాల పైచిలుకు చెక్క ఒకటి ఆయన పేరు కింద ఉంది, శిస్తు లెక్కతో సహా. మా వైపు అన్ని ఊళ్ళూ షెడ్యూల్డు కావు, ఆ చెక్క ఉన్న ఊరు మాత్రం షెడ్యూల్డే. 1971 పుస్తకంలో అదే చెక్క ఒక సవర పేరు కింద ఉంది. ఆయన మా ఇంట్లో పాలేరుగా ఉండేవాడని నాకు తెలుసు, నన్ను భుజాలమీద ఎక్కించుకుని సంతకి తీసుకెళ్ళేవాడు. పేరు మారింది. పక్క గడిలో ఏటేటా వచ్చిన ధాన్యం మాత్రం మా గాదెలోకే జమ అయినట్టు తాత చక్కని దస్తూరీలో రాసుకున్నాడు.

పుస్తకం కిందకి తెచ్చి నాన్న ముందు పెట్టాను.

"ఈ సెక్క ఇప్పుడెవరిది నాన్నా?"

"ఆలదే. పట్టా ఆల పేరు మీదే ఉంది కదా."

"పంటో?"

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మని కాఫీ పెట్టమన్నాడు.